స్పాన్సర్‌షిప్‌కు 12 లక్షలట... ఎకరం అమ్మేయమంటారా?

ప్రశ్న: కోవూరు దగ్గర ప్రభుత్వ టీచర్‌ని. ఇంకో నాలుగేళ్ళలో రిటైర్ అవుతాను. ఇల్లు తనఖా పెట్టి, 10.5 శాతం వడ్డీకి 22 లక్షల విద్యారుణం తీసుకుని మా అబ్బాయిని ఇంగ్లండులో ఎమ్మెస్సీ కంప్యూటర్స్‌కు పంపాం. ఈ సెప్టెంబరుతో, అంటే 2026లో, కోర్సు అయిపోతుంది. స్టూడెంట్ వీసా 2027 జనవరి దాకా ఉంది. 12 లక్షలు కడితే, అక్కడే ఉద్యోగం చేసుకోవడానికిచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. రెండెకరాల మాగాణి, 9 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. ఎకరం అమ్మాలా, రెండు రూపాయల వడ్డీకి తేవాలా?

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు.

ముందు వడ్డీ సంగతి చూద్దాం. 12 లక్షలకు రెండు రూపాయల చొప్పున నెలకు 24 వేలు, ఏడాదికి 2.88 లక్షలు. మన పుట్టి 850 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయల లెక్కన పుట్టికి 20 వేల పైచిలుకు వస్తుంది. అంటే ఏటా పద్నాలుగు పుట్ల వడ్లు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. మీ రెండెకరాల్లో ఖర్చులు పోను ఎన్ని పుట్లు మిగులుతాయో నాకంటే మీకే బాగా తెలుసు.

పోనీ పొలమే అమ్మి కట్టారనుకుందాం. స్పాన్సర్‌షిప్ డబ్బు పెట్టి కొనే సరుకు కాదు. లైసెన్సు ఉన్న కంపెనీ, తనకు ఫలానా ఉద్యోగంలో మనిషి కావాలని ఇచ్చే సర్టిఫికెట్ అది. దానికి ప్రభుత్వం వసూలు చేసే ఫీజు 525 పౌండ్లే. అదీ కంపెనీ కట్టాల్సిందే, ఉద్యోగి నుంచి రాబట్టకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నిబంధన ఉంది. అమ్ముకున్నట్టు తేలితే కంపెనీ లైసెన్సు పోతుంది. అప్పుడు మీవాడికి సాధారణంగా 60 రోజుల గడువిస్తారు. ఆలోపు ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా ఇంటికి రావాలి. మీ 12 లక్షలకు రసీదు కూడా ఉండదు.

మీ అబ్బాయికి సరైన దారి గ్రాడ్యుయేట్ వీసా, అంటే చదువయ్యాక కొంతకాలం అక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చేది. మన పిల్లలు ఇంకా పీఎస్‌డబ్ల్యూ (పోస్ట్ స్టడీ వర్క్) అనే అంటుంటారు. దీనికి స్పాన్సర్ అక్కర్లేదు, బ్యాంకు బ్యాలెన్సు చూపించక్కర్లేదు. కానీ తారీఖు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 2026 డిసెంబరు 31 లోపు దరఖాస్తు చేస్తే రెండేళ్ళు ఇస్తారు. జనవరి 1న చేస్తే ఏడాదిన్నరే. కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ అక్కడ వీసాలిచ్చే హోం ఆఫీసుకు తెలియజేసేదాకా దరఖాస్తు చేయడానికి లేదు. కాబట్టి ఆ కబురు ఎప్పుడు పంపుతారో ఇప్పుడే అడిగి పెట్టుకోమనండి. ఒక్క వారం ఆలస్యమైతే ఆరు నెలలు పోతాయి. ఇంకొకటి, దరఖాస్తు చేశాక నిర్ణయం వచ్చేలోపు దేశం దాటితే దరఖాస్తు రద్దవుతుంది. నిర్ణయానికి ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. సంక్రాంతికి వస్తానంటే ఈసారికి వద్దనండి. వాళ్ళమ్మకు మీరే నచ్చజెప్పాలి.

ఖర్చు కూడా తక్కువేం కాదు. ఆరోగ్య సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు, రెండేళ్ళదీ ముందే కట్టాలి. వీసా ఫీజు కలిపి, పౌండు 120 రూపాయలు వేసుకుంటే మూడున్నర లక్షలు దాటుతుంది. ఇది ఎఫ్‌డీలోంచి తీయండి.

ఇక అప్పు. కోర్సు, ఆపైన ఏడాది దాకా కిస్తీ ఉండదని బ్యాంకు చెప్పి ఉంటుంది (కొన్నిచోట్ల ఆరు నెలలే, మీ మంజూరు పత్రం ఒకసారి తీసి చూడండి). కిస్తీ లేదుగానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 22 లక్షలకు నెలకు 19 వేల పైన. రెండేళ్ళు కదపకుండా వదిలేస్తే బాకీ 26.6 లక్షలవుతుంది, పదేళ్ళకు నెల కిస్తీ దాదాపు 36 వేలు. మీ సర్వీసు నాలుగేళ్ళే, కిస్తీలు పదేళ్ళు. ఈ తేడాకే నేనైతే భయపడతాను. పెన్షన్‌లోంచి కట్టే పరిస్థితి రాకూడదు. వీలైతే ఇప్పటినుంచే ఆ వడ్డీలో సగమైనా కట్టండి. మీరు పాత పన్ను విధానంలో ఉండి, రుణంలో మీ పేరూ ఉంటే కట్టిన వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది.

36 వేలంటే 300 పౌండ్లు. గ్రాడ్యుయేట్ వీసా మీద గిడ్డంగిలో పనిచేసినా, గంటకు 12.71 పౌండ్ల కనీస వేతనంతో వారానికి 40 గంటలైతే పన్నులు పోను నెలకు 1,880 పౌండ్లు చేతికొస్తాయి. గదిని నలుగురితో పంచుకుంటే కిస్తీ వెళ్తుంది. అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఆ జీతం ఏడాదికి 26,400 పౌండ్ల దగ్గరే ఉంటుంది. స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా 41,700 కావాలి. చదువు అయిపోయి మారేవాళ్ళకు రాయితీతో 33,400, లేదా ఆ ఉద్యోగానికి నిర్ణయించిన రేటులో 70 శాతం, ఏది ఎక్కువైతే అది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఇంకా పైకే పోతుంది. పైగా ఉద్యోగం డిగ్రీ స్థాయిది కావాలి. గిడ్డంగి పనికి ఎంతకాలం చేసినా స్పాన్సర్‌షిప్ రాదు. ఈ రాయితీ కాలం మొత్తం నాలుగేళ్ళే, గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన రోజులూ అందులో కలుస్తాయి.

కాబట్టి గడువు పెట్టుకోండి. మొదటి ఆరు నెలలు ఏ పని చేసినా సరే, సాయంత్రాలు అసలు ఉద్యోగం వెతకాలి. వీసాలో ఆరు నెలలు మిగిలి ఉండగా ఒక్క స్పాన్సర్ దగ్గరా చివరి ఇంటర్వ్యూ దాకా రాకపోతే, ఇక్కడ హైదరాబాదు, చెన్నైలలో అప్లై చేయడం మొదలుపెట్టాలి. దానికి మీ ఇంట్లో ఎవరూ నామోషీ పడకూడదు.

ఎఫ్‌డీలో ఆరు కిస్తీల డబ్బు, అంటే రెండు లక్షల పైన, విడిగా ఉంచండి. మిగతాది ముట్టుకోకండి.

కన్సల్టెన్సీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి అడ్వాన్సు అడిగితే, స్పాన్సర్ చేసే కంపెనీ పేరు, ఉద్యోగం పేరు, జీతం కాగితం మీద రాసిమ్మనండి. లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆ పేరు ఉందో లేదో మీవాడే వెతికి, నేరుగా ఆ కంపెనీకే మెయిల్ పెడతాడు.