‘వాపు’ అన్న మాట దగ్గర

చి. పద్మకి, ఆశీస్సులు.

ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు కదా లూపస్. ఆ రోగుల మూత్ర పరీక్షల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. మంచి విషయం పట్టుకున్నావు, వదలకు.

‘కిడ్నీలో వాపు’ అన్నావు. మన కోనసీమలో ఆ మాట వింటే ఎవరైనా పాదం నొక్కి, గుంట పడిందా అని చూసుకుంటారు. పోనీ ‘మంట’ అందామంటే, ఒంటికి వెళ్ళినప్పుడు వచ్చే మంట అనుకుంటారు. పుండు ‘రేగింది’ అనేది మా అమ్మ. ఆ మాట తీసుకో. జబ్బు కిడ్నీలో ఇంకా రేగుతోందా, పాత మచ్చే మిగిలిందా? నీ వ్యాసమంతా ఈ ప్రశ్నే.

మూత్రంలో ప్రొటీన్ రోజుకి 500 మిల్లీగ్రాములు దాటితే డాక్టర్లు బయాప్సీ మాటెత్తుతారు, అంటే సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడడం. కానీ రేగినా ప్రొటీన్ పోతుంది, మచ్చ కట్టినా పోతుంది. చేలోకి నీళ్ళొస్తే గట్టుకి గండి పడిందని తెలుస్తుంది. గండి ఇంకా కోసుకుపోతోందా అన్నది ఆ నీళ్ళలో కొత్త మట్టి చూసి పోల్చుకుంటాడు రైతు. సీడీ163 అనే ప్రొటీన్ అలాంటి మట్టి. కిడ్నీలో చేరిన మాక్రోఫేజ్ అనే రక్షక కణాల ఒంటి మీంచి ఊడి మూత్రంలోకి వస్తుంది. ఎంసీపీ-1 ఆ కణాలను రమ్మని పిలిచే కబురు. నువ్వు తొమ్మిది పేర్లు వరసగా పేర్చావు. ఈ రెండూ చాలు.

‘ఇక సూదిపోటు అక్కర్లేదు’ అన్న శీర్షిక తీసెయ్. ఈ పరీక్షలు ఇంకా చాలావరకు పరిశోధనలోనే ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్‌గ్యాల్ అనే ప్రొటీన్ లాంటివి పెరుగుతాయి. లూపస్ కిడ్నీ జబ్బుకి 2003లో ఖాయం చేసిన ఆరు తరగతులూ బయాప్సీ ముక్క చూసి తేల్చేవే.

చాలా ఏళ్ళ కిందట ఇలాంటి వాక్యమే నేనూ రాశాను. ఓ లంక ఊరి తల్లి ఆ కాగితం మడిచి పట్టుకుని, పంటు దాటి మా ఇంటికొచ్చింది. “పిల్లకి ముక్క తీయించడం మానేశామండి, మీరే రాశారు కదండీ” అంది. ఆవిణ్ణి ఒప్పించి మళ్ళీ ఆస్పత్రికి పంపేసరికి పొద్దుపోయింది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

సవరించాక మీ వీధిలో ఓ పెద్దావిడకి చదివి వినిపించు. వింటూ వింటూ పాదం వైపు చూసుకుందా, ఆ పేరా మళ్ళీ రాయి.

మీ మావయ్య