మారియో సరే, మరి ఆ బటన్ ఎవరిది?

ప్రశ్న: మా ఆయన వైట్‌ఫీల్డ్‌లో ఒకే కంపెనీలో ఏళ్ళ తరబడి సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేస్తున్నారండి. మా అబ్బాయి చేతిలో ఎప్పుడూ నింటెండో కంపెనీ స్విచ్ లైట్ గేమ్ మెషీనే. మొన్న "నాన్న చేసేవాటి మీద నాన్న పేరెందుకు ఉండదు" అని అడిగేశాడు. గేమ్ కంపెనీల్లోనూ ఇలా తెర వెనకే ఉండిపోయినవాళ్ళు ఉన్నారా?
- ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఎందుకు లేరండీ, మీవాడి ఎడమ బొటనవేలి కిందే ఒకాయన ఉన్నాడు. గున్‌పెయ్ యోకోయ్. 1965లో నింటెండోలో చేరింది పేకముక్కలు తయారుచేసే మెషీన్ల మెయింటెనెన్స్‌కి, అప్పటికది పేకల కంపెనీ మరి. 1982లో డాంకీ కాంగ్‌ని జేబులో పట్టే గేమ్‌గా తేవాల్సొచ్చింది, జాయ్‌స్టిక్ పెడితే పైకి పొడుచుకొస్తుంది, నాలుగు బటన్లు విడివిడిగా పెడితే ఏది ఎటో మాటిమాటికీ చూసుకోవాలి, అందుకని ప్లస్ గుర్తులా ఒకే ముక్క చేసి పెట్టాడు, ఒక పక్క నొక్కితే అవతలి పక్క లేస్తుంది, ఇంక చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది. తర్వాత 1989లో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్. దానికి కలర్ స్క్రీన్ లేదు, నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే చాలాసేపు ఆడుకోవచ్చు. పోటీ కంపెనీ సెగావాళ్ళ గేమ్ గేర్‌కి కలరుంది కానీ ఆరు సెల్లు కొన్ని గంటల్లోనే తాగేసేది. గేమ్ బాయ్, దాని కలర్ మోడల్ కలిపి 11 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి. కలర్ వద్దు అని మీటింగులో చెప్పడానికి ఎంత గుండె కావాలో మీ ఆయన్నడగండి!

ఇంకొకాయన మసయుకి ఉయెమురా, షార్ప్ కంపెనీ నుంచి నింటెండోకి వచ్చాడు. 1983లో వచ్చిన ఫామికామ్ అనే టీవీ గేమ్ మెషీన్ ఆయన టీమ్ పనే, మనం టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్‌లు చాలామటుకు దానికి నకళ్ళే. మొదట నలుచదరంగా ఉన్న రబ్బరు బటన్లు పెట్టారు, అవి నొక్కితే ఇరుక్కుపోతుంటే గుండ్రంగా మార్చారు. పిల్లలకి కనపడని ఇలాంటి తలనొప్పులే వీళ్ళ ఉద్యోగం. నింటెండో 64 అనే గేమ్ మెషీన్ స్టిక్ వెనకున్న గెన్యో టకెదా అయితే 1972లో చేరి 2017లో రిటైరయ్యాడు, ఒకే కంపెనీలో 45 ఏళ్ళు. బెంగళూరులో ఈ మాటంటే ఎవరైనా నమ్ముతారా?

బాబుకి చెప్పడం కంటే చూపించడం మేలు. ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్‌లో పాత టీవీ గేమ్ రిమోట్ ఏదైనా దొరికితే కొని, స్క్రూడ్రైవర్ మీ ఆయన చేతికివ్వండి. లోపల రబ్బరు ప్యాడ్, దాని కింద నల్లటి కార్బన్ చుక్కలు, అవి బోర్డుకి తగిలితేనే మారియో కదిలేది. మిగతాది వాళ్ళ నాన్నే చెప్తారు.