నీ సైనికుడి చేతిలో ఏ కత్తి?

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ అందింది. 1820ల ఇస్తాంబుల్‌ను తెలుగులోకి తేవాలన్న నీ తపన చూసి చాలా సంతోషం వేసింది. కానీ "మెరుపులాంటి వంపుకత్తి దూశాడు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. నీ కథానాయకుడు జానిసరీ, అంటే సుల్తాను కాల్బలం మనిషి. మరి ఏ కత్తి దూశాడు?

గుర్రపు రౌతైతే కిలిచ్ అనుకోవచ్చు. దాని అలుగు పిడి దగ్గర దాదాపు తిన్నగా ఉండి, కొస వైపు వెళ్లేకొద్దీ వంపు తిరుగుతుంది. చివర్లో వెడల్పవుతుంది. ఆ వెడల్పు భాగాన్ని యెల్మాన్ అంటారు, అక్కడ వెనక అంచుకీ పదును ఉంటుంది. బరువు కొసకు చేరడంతో వేటు బలంగా పడుతుంది, వంపు వల్ల తగిలినచోట ఆగకుండా కోసుకుపోతుంది. 18వ శతాబ్దం చివరికి ఈ కత్తి ఇంకా పొట్టిగా, వెడల్పుగా, బాగా వంపుగా మారింది. అలాంటిది ఇరుకు ఒరలోంచి ఎలా వస్తుంది? అందుకే ఒర మూతి దగ్గర, వీపు వైపు పొడవాటి చీలిక ఉంచేవారు. ఇలాంటి వివరం ఒక్కటి దొరికితే మెరుపుతో పనే లేదు.

జానిసరీకైతే యాతగాన్ ఇవ్వు. దాని వంపు ముందుకు ఉంటుంది, చేతికి అడ్డు ఉండదు, పిడి చివర రెండు చెవుల్లా విచ్చుకుని ఉంటుంది. నడుముకు చుట్టిన గుడ్డలో దోపుకునేవారు. సులేమాన్ సుల్తాను కోసం 1526-27లో అహ్మద్ తెకెలు చేసిన యాతగాన్ ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి మ్యూజియంలో ఉంది. దంతపు పిడి, అలుగు మీద బంగారు డ్రాగన్. ఫొటోలు తీరిగ్గా చూడు. సిపాయి కత్తి అంత ఆడంబరంగా ఉండదు, ఆకారం మాత్రం పట్టుబడుతుంది.

ఇంకోటి. ఆ కత్తి మన కోనసముద్రం ఉక్కుతో చేసిందని రాశావు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారన్నది నిజమే. అభిమానం కొద్దీ అంతకుమించి నువ్వే తీర్పు చెప్పకు. ఆ మాట కత్తి అమ్మే వర్తకుడి నోట పెట్టు. బేరం పెంచుకోవడానికి అతను ఎంతైనా చెబుతాడు, నీ సన్నివేశానికీ ప్రాణం వస్తుంది.

జానిసరీ దళాన్ని 1826లో సుల్తాను రెండో మహమూద్ రద్దు చేశాడు. నీ కథ అంతకు ముందు జరుగుతోందా, తర్వాతా? తర్వాతైతే అతను ఆ కత్తితో వీధిలో బాహాటంగా తిరగలేడు, కథే మారిపోతుంది. ముందు సంవత్సరం తేల్చుకో, మళ్లీ రాసి పంపు. చదవడానికి నేను సిద్ధం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య