బందీపూర్ అడవిలో టెంట్ వేయొచ్చా?

బెంగళూరు నుంచి ఒక్కరే కారులో వెళ్లి, బందీపూర్ అడవిలో టెంట్ వేసుకుని ఒక రాత్రి గడిపి, పొద్దున్నే ఊటీ చేరొచ్చా అని అడిగారు కదండీ. టెంట్ ఆలోచన మానేయండి. అది పులుల అడవి. దారిలో బండి ఆపి కిందికి దిగడానికే అనుమతి లేదు.

మీరు అసలు చూసుకోవాల్సింది టైమ్. 2009 నుంచి అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తున్నారు. బెంగళూరు నుంచి బందీపూర్‌కు సుమారు 220 కిలోమీటర్లు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే మైసూరు దాటేసరికే తొమ్మిదవుతుంది. నేనూ ఒకసారి అలాగే ఆలస్యమై, అడవికి ముందొచ్చే ఊరు గుండ్లుపేటలో లాడ్జి తీసుకున్నాను. తెల్లారి గేటు తీయగానే బయల్దేరితే పొగమంచులో రోడ్డు పక్కనే జింకల మంద! ఇప్పుడు కావాలనే అలా వెళ్తున్నాను, మీరూ అలాగే చేయండి.

ఏనుగు ఎదురైతే హారన్ కొట్టకండి, దూరంగా ఆగి దాన్ని వెళ్లనివ్వండి. ఒక్కరే ఉన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఊటీకి ఈ-పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. నీళ్లకు స్టీల్ బాటిల్ పెట్టుకోండి, ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం.