లక్నో చికన్‌కారీ లాల్చీ చేతిపనో, మిషన్ పనో ఎలా తెలుస్తుంది?

నాన్నగారి షష్టిపూర్తికి తెల్ల కాటన్ చికన్‌కారీ లాల్చీ కొందామనుకుంటే ఒకచోట 700, ఇంకోచోట 4,500 చెబుతున్నారనీ, ఇద్దరూ 'చేతిపనే సార్' అంటున్నారనీ, ఎవరిని నమ్మాలనీ అడిగారు. ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు లక్నోలో ఉన్నాను. వెళ్ళిన మొదటి నెలలోనే చౌక్ బజారులో మోసపోయాను కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నా. (చికన్ అంటే కోడి కాదు, బట్ట మీద దారంతో కుట్టే పువ్వుల పని. ఈ మాట మా ఊళ్ళో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.)

అప్పట్లో 1,800 పోసి కొన్న లాల్చీని మా ఇంటి ఓనరావిడకి మురిపెంగా చూపించాను. ఆవిడ ముందువైపు చూడనే లేదు. లోపలికి తిరగేసి, గుండీల పట్టీ పక్కనున్న పువ్వు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. 'ఉల్టా కర్కే దేఖా థా, బేటా?' అంది. తిప్పి చూశావా అని. వెనక ప్రతి పువ్వు దగ్గరా సన్నటి తెల్ల దారం ఒకే కొలతలో బిగుసుకుని ఉంది. పది పువ్వులూ పది జిరాక్స్ కాపీలు. తర్వాత పెట్టెలోంచి వాళ్ళాయన పాత లాల్చీ తీసి పక్కన పరిచింది. దాని వెనక చిన్న చిన్న ముడులు, ఒక ఆకు నుంచి పక్క ఆకుకి వాలుగా పోయిన దారం, ఒక రేక కాస్త లావు, ఒకటి సన్నం. ఆ రోజు నుంచి నేను లాల్చీని ముందు లోపలివైపే చూస్తాను.

వెనక కుట్టు కనపడకుండా చేసే 'అనోఖీ' చికన్ కూడా ఒకటుంది. ఆ పనికే నసీమ్ బానో గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అంత పని మామూలు కొట్లో హ్యాంగర్‌కి వేలాడదు లెండి.

ఇంకో సంగతి. 700 చెప్పినవాడు కూడా నిజమే చెబుతుండొచ్చు. చేతిపనంతా ఒకటి కాదు. టేప్చీ అంటే మనం దుప్పటికి వేసే పరుగు కుట్టు లాంటిదే, చకచకా సాగిపోతుంది. బఖియాలో దారాన్ని బట్ట వెనక అడ్డదిడ్డంగా అల్లుతారు, పల్చటి బట్టలోంచి ముందుకి అది నీడలా కనిపిస్తుంది. ఖరీదంతా ఫందా, ముర్రీ, జాలీల దగ్గర ఉంటుంది. కళ్ళు మూసుకుని మెడ దగ్గర వేలితో తడమండి. ముర్రీ బియ్యపు గింజలా, ఫందా అంతకంటే చిన్నగా కొర్రగింజలా తగలాలి. జాలీ ఉంటే వెలుతురుకి ఎత్తి చూడండి. అసలైన జాలీలో ఒక్క పోగు కూడా తెంచరు. సూదితో పడుగూ పేకా పక్కకి జరిపి బిగిస్తారు, దోమతెరలా సన్నటి కన్నాలు పడతాయి. లాల్చీ ఒంటినిండా పని అక్కర్లేదు. మెడ, పట్టీ, చేతుల అంచుల్లో ఇలాంటిది జానెడున్నా నాకు చాలు.

బట్ట మీద అక్కడక్కడా లేత నీలం మరక కనిపిస్తే భయపడకండి. నేను ఒకసారి ఆ మరక చూసి లాల్చీ తిరిగి ఇవ్వబోతే కొట్టువాడు నవ్వాడు. ముందు దర్జీ బట్ట కత్తిరిస్తాడు. దాని మీద చెక్క అచ్చులతో, ఉతికితే పోయే నీలిరంగు వేస్తారు. మన పెడన కలంకారీలో అచ్చు నిలవాలి, ఇక్కడ పోవాలి. ఆ గీతల మీద కాకోరీ, మలీహాబాద్ వైపు పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటి పని మధ్యలో కుడతారు. చేతులు మారి మారి మాసిపోయి వచ్చిన బట్టని చివర్లో చాకళ్ళు ఉతికి గంజి పెడతారు. అప్పుడు పూర్తిగా పోని నీలమే ఆ మరక.

2008లో దీనికి, ఇది ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కానీ, కొట్టువాడు తగిలించిన చీటీ చూసి చేతిపని అనుకోవద్దు. ధర గురించి నా లెక్క వేరు. మా పిన్ని నరసాపురం లేసు అల్లేది, కూలీ ముక్కకింత. మధ్యలో ఏజెంటు. ఇక్కడా అదే వరస. బట్ట, దర్జీ, చాకలి, కొట్టు వాటాలు పోతే 700లో సూది పట్టిన మనిషికి ఏం మిగులుతుంది? మెడ చుట్టూ నిజంగా ముర్రీ ఉంటే 4,500కి నేను బేరం కూడా ఆడను. బఖియా, టేప్చీలే ఉంటే మాత్రం అంత పెట్టను.

బట్ట మల్‌మల్ అయితే ఒళ్ళు కనపడుతుంది, లోపల తెల్ల బనియన్ ఉండాలి. పెద్దవాళ్ళకి కేంబ్రిక్, అంటే కాస్త దట్టంగా నేసిన కాటన్, నయం. మిషన్‌లో వేయకండి, చన్నీళ్ళలో చేత్తో జాడించి నీడన ఆరేయండి. ఇస్త్రీ తిరగేసి, కింద తువ్వాలు పరిచి చేస్తే ముర్రీ గింజలు అణగవు. షష్టిపూర్తిలో కలశాల నీళ్ళు నెత్తిన పోస్తారు కదా, పసుపూ ఉంటుంది. ఆ స్నానం అయ్యి, ఒళ్ళు పూర్తిగా ఆరాకే నాన్నగారికి ఈ లాల్చీ తొడగండి.