జాతులవారీ ఓట్ల లెక్కలు రాసేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఏ జాతివారు ఎటు మొగ్గుతున్నారన్న అంశంపై వ్యాసం రాయబోతున్నానని తెలిపావు. ఈ లెక్కలను ఎంతోకాలంగా చూస్తున్నవాడిగా కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

బ్యాలెట్ పత్రం మీద ఓటరు జాతి ఉండదు కనుక, నీకు దొరికే ప్రతి శాతమూ అంచనాయే. పోలింగ్ కేంద్రం బయట ఓటర్ల చేత పత్రాలు నింపించి వేసే ఎగ్జిట్ పోల్ లెక్క వేరు. ఓటేసినట్టు రికార్డుల్లో సరిచూసుకున్న వారి సమాధానాలతో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ వేసే లెక్క వేరు. 2020లో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఓటర్లలో డెమోక్రటిక్ అభ్యర్థి బైడెన్‌కు ఎగ్జిట్ పోల్ 65 శాతం చూపితే, ప్యూ 2021లో ప్రకటించిన నివేదిక 59 శాతమే చూపింది. ఒక ఏడాదికి ఒక సంస్థ అంకెనూ, మరుసటి ఎన్నికకు వేరొక సంస్థ అంకెనూ పక్కపక్కన పెట్టి మార్పు వచ్చిందని ఎన్నడూ రాయకు.

చరిత్రను మాత్రం వదలవద్దు. బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ పార్టీ అన్న అభిమానంతో రిపబ్లికన్ల వెంట నడిచిన నల్లజాతి ఓటర్లు 1936 నాటికి డెమోక్రటిక్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైపు తిరిగారు. జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా సెనేట్‌లో ఓటేసిన గోల్డ్‌వాటర్ 1964లో రిపబ్లికన్ అభ్యర్థి కావడంతో ఆ మొగ్గు స్థిరపడిపోయింది. ఆ ఎన్నిక తర్వాత ఏ డెమోక్రటిక్ అభ్యర్థికీ శ్వేతజాతి ఓటర్లలో మెజారిటీ రాలేదు. అయితే శ్వేతజాతీయుల్లోనూ డిగ్రీ ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఈనాడు పెద్ద అంతరమే ఉంది.

ఒక జాతి అంతా ఒక్క మాట మీద ఉంటుందని రాయడం ఆ మనుషులకు అన్యాయం చేయడమే. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దున ఉన్న స్టార్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చూడు. అక్కడి జనాభాలో నూటికి 95 మందికి పైగా లాటినోలే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దాదాపు 60 శాతం పాయింట్ల ఆధిక్యం ఇచ్చిన ఆ కౌంటీ, 2020లో బైడెన్‌కు సుమారు 5 పాయింట్లే ఇచ్చి, 2024లో ట్రంప్‌ను గెలిపించింది. 1892 తర్వాత అక్కడ రిపబ్లికన్ అభ్యర్థి నెగ్గడం అదే మొదటిసారి. క్యూబాలో కాస్ట్రో కమ్యూనిస్టు పాలన నుంచి తప్పించుకుని ఫ్లోరిడాలోని మయామీలో స్థిరపడిన క్యూబన్ కుటుంబాలు ఎన్నో దశాబ్దాలుగా రిపబ్లికన్లకే ఓటేస్తున్నాయి. ఆ కారణాన్ని ఈ సరిహద్దు కౌంటీకి అంటగట్టలేం.

ఒక వర్గంలో ఒక పార్టీ వాటా తగ్గితే, ఓటర్లు నిజంగా పార్టీ మారారో, పాత ఓటర్లు ఇంట్లోనే ఉండిపోయారో విడదీసి చూడు. నార్త్ కరోలినా, జార్జియా ఓటర్ల జాబితాల్లో జాతి కూడా నమోదై ఉంటుంది కాబట్టి, ఏ వర్గంవారు ఎంతమంది ఓటేయడానికి వచ్చారో అక్కడ నేరుగా లెక్కించవచ్చు. తొలిప్రతి నాకు పంపేముందు ఆ రెండు రాష్ట్రాల లెక్కలూ చేర్చు.

నీ మేనమామ