అమెరికాలో పత్రాలు లేని వలసదారులు పన్నులు కడతారా?

కడతారు, అయితే అమెరికాలో అనుమతి పత్రాలు లేకుండా ఉంటున్నవారు కట్టే పన్నులో ఎక్కువ భాగం ఫెడరల్ (కేంద్ర) ఖజానాకు చేరుతుండగా, వారిపై అయ్యే ఖర్చులో పెద్ద పద్దు రాష్ట్రాల, స్థానిక సంస్థల నెత్తిన పడుతుంది కాబట్టి వీరు ప్రభుత్వానికి భారమా, కాదా అన్న వివాదం తెగడం లేదు.

ఆ పద్దు పిల్లల చదువు. వలస హోదా ఏదైనా పిల్లలను ప్రభుత్వ బడిలో ఉచితంగా చేర్చుకోవాల్సిందేనని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ బడులు నడిచేదేమో ప్రధానంగా రాష్ట్ర, స్థానిక నిధులతో.

ఉదాహరణకు టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. హ్యూస్టన్‌లో ఇళ్ల పైకప్పులు వేసే కూలీ ఒక జత బూట్లు కొంటే రసీదులో 8.25 శాతం అమ్మకపు పన్ను కనిపిస్తుంది; అతని అద్దెలో కలిసిపోయిన ఆస్తి పన్నులో పెద్ద వాటా ఇంటి యజమాని చేతుల మీదుగా స్థానిక బడికి వెళ్తుంది. అతను తనది కాని సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) నంబరు చూపి పనిచేస్తే, జీతంలో కోసుకున్న ఆ పథకం సొమ్ము మాత్రం ఫెడరల్ ప్రభుత్వానిదే, దాని పింఛను సాధారణంగా అతనికి దక్కదు.

వీరికి సంక్షేమ పథకాలన్నీ అందుతాయన్నది అపోహ. పేదలు ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులకు వీరు అర్హులు కారు. అత్యవసర వైద్యం మాత్రం ఆసుపత్రులు నిరాకరించకూడదు. ఇరుపక్షాల లెక్కలు పొసగకపోవడానికి ఒక ముఖ్య కారణం, అక్కడే పుట్టి పౌరులైన పిల్లల చదువు ఖర్చును ఒకరు కలపడం, మరొకరు తీసేయడం.